సంతకం పెట్టమంటారు, లెక్క చెప్పరు

మా రెడ్డిగూడెంలో ఇప్పుడు పెద్దవాళ్ళెవరైనా జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారంటే చాలు, సెంటర్లో టీ తాగే ప్రతివాడూ ఎముకల డాక్టరే. "ఈ వయసులో ఆపరేషనేంటండీ, బల్ల మీదే పోతారు" అంటాడొకడు. "మా తోడల్లుడి పెద్దమ్మకి చేయించారుగా, బ్రహ్మాండంగా నడుచుకుంటూ ఇంటికొచ్చింది, నెల తిరక్కుండా పోయింది" అని ఇంకొకడు అందుకుంటాడు. చేయిస్తే పోతారా అని అడిగేవాళ్ళే గానీ, చేయించకుండా మంచాన పడేస్తే ఏమవుతారు అని అడిగినవాడు ఒక్కడూ కనపడడు. అందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి. వాటిలో కోడిపందేలు చూస్తారు.

మా రోజుల్లో ఈ చర్చ లేదు. మాకు తెలివి ఎక్కువై కాదు, ఆపరేషన్ అనే మాటే మా చెవిన పడలేదు గనక. తుంటి విరిగితే మంచం. మంచం పడితే ఇక రోజులు లెక్కపెట్టుకోవడం. 1967 ప్రాంతంలో మా మేనత్త గేదెకి కుడితి పెట్టబోయి దొడ్లో పడింది. మనిషి గట్టిది, మామిడితోట కాపలా ఒక్కతే చూసుకునేది. లేవదీయబోతే కుడికాలు పొట్టిదైపోయి, పాదం బయటివైపు తిరిగిపోయి ఉంది. ఆ తిరిగిన పాదం చూస్తే ఇప్పటి డాక్టరు ఎక్సరే తీయకముందే తుంటి పోయిందని చెప్పేస్తాడు. మాకేం తెలుసు? కట్టు కట్టే ఆయన్ని పిలిచాం. ఆయన కోడిగుడ్డు సొన, మినప్పిండి, వెదురుబద్దలు తెచ్చుకున్నాడు. ముంజేతి ఎముకకో పిక్క ఎముకకో ఆ కట్టు నిలుస్తుందేమో గానీ, మొలకీ తొడకీ మధ్య ఎక్కడో కండ లోపలున్న ఎముకకి బద్ద ఎక్కడ కడతారు? ఆయన మాత్రం తొడచుట్టూ బిగించి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళాడు.

కాలు నల్లబడుతుంటే అప్పుడు బండి కట్టి మైలవరం, అక్కణ్ణించి బస్సులో టౌను. అక్కడ కాలికి అంటుపట్టీ చుట్టి, తాడు కట్టి, మంచం కాళ్ళవైపు కప్పీ మీదుగా ఇటుకలు వేలాడదీశారు. ఇటుకలంటే ఇటుకలే, బట్టీవి, పేలిక గుడ్డ చుట్టి కట్టినవి. ఆ వార్డులో వరసగా నాలుగైదు మంచాలకి అలాగే ఇటుకలు వేలాడుతుండేవి. ఎముక అతుక్కునేదాకా అలా పడుకోవాలన్నారు. కొన్నాళ్ళు చూసి ఇంటికి తెచ్చేశాం. నులకమంచం మధ్యలో నులక తప్పించి, కింద బూడిద పోసిన చట్టి పెట్టేవాళ్ళు. వెల్లకిలా పడుకుని పడుకుని ముందు నడుము కింద ఎర్రబారింది, తర్వాత కమిలింది, తర్వాత పిడికిలి పట్టేంత గొయ్యి పడింది. కొబ్బరినూనె, పసుపు రాసేవాళ్ళు. చివరికి ఛాతీలో కఫం చేరి, దగ్గే ఓపిక కూడా లేక పోయింది. "పెద్దముండాది, కాలం తీరింది" అన్నారు ఊళ్ళో. ఆవిడకి అరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు.

అదే కాలంలో ఇంగ్లండులో ఏం జరుగుతోందో చాలా ఏళ్ళకి చదివాను. చదివి ఒళ్ళు మండింది. రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1962 నవంబరులోనే అరిగిపోయిన తుంటి కీలు తీసేసి, ఉక్కు గుండు, గట్టి పాలిథిన్ గిన్నె పెట్టాడు. అంతకు ముందు టెఫ్లాన్ గిన్నెలు పెట్టి చూస్తే అవి రెండు మూడేళ్ళకే అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కండని పాడుచేసింది. ఆ దెబ్బ తిని మళ్ళీ మొదలుపెట్టాడు. గుండు కాడని ఎముకలో నిలబెట్టడానికి పళ్ళ డాక్టర్లు వాడే రకం యాక్రిలిక్ తీసుకుని సిమెంటుగా వాడాడు. సిమెంటంటే జగ్గయ్యపేట సిమెంటు అనుకునేరు. మావాళ్ళలో అలా అనుకుని హడలిపోయినవాళ్ళున్నారు. గాల్లోంచి క్రిములు పడి చీము పడుతోందని, వడగట్టిన గాలి వచ్చే చిన్న గది కట్టించి అందులోనే ఆపరేషన్లు చేశాడు. నూటికి ఏడుగురికి పట్టే చీము ఒకరి లోపుకి దిగింది. ఆ డాక్టరు అక్కడ గాలిని కడుగుతుంటే, ఇక్కడ మేము ఇటుకలకి పేలికలు చుడుతున్నాం.

అంత జాగ్రత్తపరుడి చేతిలో కూడా ఆ తొలి రోజుల్లో నూటికి ఒకరు చొప్పున పోయేవారు. ఎందుకు పోయేవారంటే, ఆపరేషన్ అంతా సవ్యంగా అయి, కుట్లు మానుతున్న సమయానికి కాలి రక్తనాళంలో గడ్డ కట్టిన నెత్తురు పైకి పాకి ఊపిరితిత్తుల్లో అడ్డం పడేది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి ఆయాసమని, మరుగుదొడ్డికి వెళ్ళాలని లేచి కుప్పకూలేవాడు. టీ కొట్టు దగ్గర చెప్పుకునే "నడుచుకుంటూ వచ్చి నెల తిరక్కుండా పోయిన" కథల్లో కొన్నిటికి మూలం ఈ గడ్డే. బల్ల మీద పోయేవాళ్ళు బహు తక్కువ. ఎక్కువ అపాయం దిగిన తర్వాతే.

నా అసలు గొడవ ఇదిగో, ఇక్కడ. మా వియ్యపురాలికి ఆమధ్య బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తుంటి మార్చారు. ముందు రోజు రాత్రి ఒక కాగితాల కట్ట తెచ్చారు. అంతా ఇంగ్లీషు. "అంకుల్, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. అంకుల్ ఏంటో, నాకు మనవరాలి వయసు. ఏముందమ్మా ఇందులో అంటే "ప్రాణాపాయం ఉండొచ్చు అని అంకుల్, ఊరికే ఫార్మాలిటీ" అంది. ప్రాణాపాయం ఫార్మాలిటీ ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఎంతమందికి వస్తుంది తల్లీ అంటే సార్‌ని అడగమంది. సార్ వచ్చి నా భుజం తట్టి "ఏం కాదు పెద్దాయనా, పైనున్నాడుగా" అన్నాడు. మామిడికాయల వ్యాపారి కూడా నున్న మార్కెట్టులో టన్నుకి ఎంత తరుగు తీస్తాడో ముందే చెబుతాడు. వీళ్ళు చెప్పరు. చెప్పడానికి లెక్కల్లేక కాదు, ఉన్నాయి.

ఇంగ్లండు, వేల్స్ దేశాల్లో తుంటి మార్చిన ప్రతి మనిషినీ ఒక రిజిస్టర్లో రాసుకుంటారు. కీలు అరిగిపోయి తుంటి మార్పించుకున్న వాళ్ళ లెక్క 2003 నుంచి 2011 దాకా తీసి 2013లో లాన్సెట్ పత్రికలో వేశారు. మొత్తం 4,09,096 ఆపరేషన్లు. తొంభై రోజుల్లోపు పోయినవాళ్ళు 1,743 మంది. 2003లో నూటికి 0.56 ఉన్న మరణాలు 2011 నాటికి 0.29కి దిగాయి. అంటే అప్పటికి వెయ్యిమందికి చేస్తే మూడు నెలల్లో పోయేది సుమారు ముగ్గురు. వాళ్ళలోనూ ఆపరేషన్ లేకపోయినా పోయేవాళ్ళు కొందరుంటారుగా, వయసు వయసే. తక్కువ చావులతో ముడిపడ్డ పద్ధతులూ పట్టుకున్నారు: పూర్తి మత్తు బదులు నడుముకి మత్తు ఇవ్వడం, గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు, కాళ్ళకి బిగుతు మేజోళ్ళో గాలి పట్టీలో వేయడం, కండని వెనకవైపు నుంచి విడదీసి కీలు చేరే పద్ధతి. ఏ కంపెనీ గుండు పెట్టారు, సిమెంటు వేశారా లేదా అన్నదానికీ చావుకీ సంబంధం కనపడలేదు. మనవాళ్ళు చేసే వాకబంతా ఆ ఒక్కదాని గురించే. "ఇంపోర్టెడ్ బాలేగా సార్?" అని అడుగుతారు. మత్తు ఎక్కడ ఇస్తారని అడగరు.

సిమెంటు సంగతి పూర్తిగా కొట్టెయ్యలేం. ఎముక గొట్టంలోకి దాన్ని గట్టిగా నొక్కేటప్పుడు లోపలి కొవ్వు, మూలుగ నెత్తురులోకి వెళ్ళి ఒక్కొక్కరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్ళకి, అందులోనూ ఎముక విరిగి వచ్చినవాళ్ళకి, ఆ కొద్ది నిమిషాలే గండం. మత్తు డాక్టరు అనుభవం తెలిసేది అక్కడే. మనం సర్జన్ పేరు పది మందిని అడిగి తెలుసుకుంటాం, మత్తు డాక్టరు పేరు బిల్లులో చూస్తాం.

వెయ్యికి ముగ్గురనే ఆ లెక్క అరిగిన కీలుకి, తీరిగ్గా తేదీ చూసుకుని, షుగరూ బీపీ సరిచేసుకుని, పళ్ళలో చీముంటే పీకించుకుని చేయించుకునేవాళ్ళది. పడి విరగ్గొట్టుకున్న వాళ్ళది వేరే లెక్క. రెంటికీ జనం "తుంటి మార్చారు" అనే ఒకటే మాట వాడతారు గనక అక్కడి చావులు ఇక్కడ కలిపి, ఇక్కడి ధైర్యం అక్కడ చెప్పి ఊరంతా గందరగోళం చేస్తారు.

కేసీఆర్ గారి సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు, 7వ తేదీ రాత్రి ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో జారిపడ్డారు. మర్నాడు సోమాజిగూడ యశోదలో ఎడమ తుంటి మార్చారు. ఆ తర్వాతి రోజే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసిన వీడియో టీవీల్లో తిప్పి తిప్పి చూపించారు. 15న ఇంటికి పంపారు. అప్పటికి ఆయనకి 69 ఏళ్ళు. ఆయన పార్టీ అంటే గిట్టనివాళ్ళు కూడా మా ఊళ్ళో ఆ వీడియో చూసి "అబ్బో, ఇంత తేలికా" అన్నారు. తేలిక కాదు, తొందర. ఆయనకి విరిగింది తొడ ఎముక మెడ, కీలు గూటి లోపల. అక్కడ విరిగితే పైనున్న గుండుకి నెత్తురు అందే దారి తెగుతుంది. తొడిమ తెగిన కాయని కొమ్మకి ఎంత గట్టిగా కట్టినా ఊరదు. అందుకే పెద్దవయసు వాళ్ళకి ఆ గుండు తీసి కొత్తది పెడతారు. బాగా తిరిగే మనిషైతే గుండూ గిన్నె రెండూ, లేవలేని మనిషైతే గుండు ఒక్కటే. మెడ కిందుగా విరిగితే మామూలుగా మార్చరు, రాడ్డో ప్లేటో వేసి బిగిస్తారు. ఏది చేసినా మర్నాడు కాళ్ళు నేల మీద ఆనించాలి. అదే కీలకం.

ఇలా విరిగినవాళ్ళ మీద 17 దేశాల్లో, మన దేశం కూడా కలుపుకుని, 2,970 మందితో ఒక పెద్ద పరీక్ష చేసి 2020లో ఫలితం చెప్పారు. ఆరు గంటల్లో బల్ల ఎక్కించినా, ఒక రోజుకి ఎక్కించినా తొంభై రోజుల్లో పోయినవాళ్ళు నూటికి తొమ్మిది పదిమంది. వెయ్యికి ముగ్గురెక్కడ, నూటికి తొమ్మిదిమందెక్కడ! ఏడాది తిరిగేసరికి ఈ విరిగినవాళ్ళలో నూటికి ఇరవై నుంచి ముప్పైమంది ఉండరని దేశదేశాల డాక్టర్లు ఒప్పుకునే మాట. అదే ఆపరేషన్, అదే డాక్టరు, అదే గుండు. తేడా మనిషిలో ఉంది. పడినవాళ్ళు ఊరికే పడరు. కళ్ళు ఆనక, షుగరు పడిపోయి, గుండె దడదడలాడి, నీరసంతో తూలి పడతారు. పడ్డాక నొప్పికి తిండి మానేస్తారు, నీళ్ళు తాగరు, పదేపదే మూత్రానికి లేవాల్సొస్తుందని. మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, గుండె మొరాయిస్తుంది.

ఇంకొకటుంది, దాన్ని మనవాళ్ళు రోగం కింద లెక్కే వెయ్యరు. ఆసుపత్రిలో రెండో రాత్రో మూడో రాత్రో పెద్దావిడ హఠాత్తుగా కొడుకుని గుర్తుపట్టదు. పైపులు పీకేస్తుంది. చచ్చిపోయిన మొగుడు గుమ్మంలో నిలబడ్డాడంటుంది, గేదె తప్పిపోయిందని ఏడుస్తుంది. "గాలి సోకింది" అని మావాళ్ళు తాయెత్తు తెచ్చి మంచానికి కట్టిన సందర్భం నాకు తెలుసు. అది గాలీ కాదు ధూళీ కాదు. నొప్పి, నిద్రలేమి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, మందులు, కళ్ళద్దాలు తీసి బీరువాలో పెట్టడం, ఇవన్నీ కలిసి మెదడుని కుదిపేస్తాయి. ఇది వచ్చినవాళ్ళలో చావులు ఎక్కువ. ఇందాక చెప్పిన పరీక్షలో ఆపరేషన్ త్వరగా అయినవాళ్ళకి చావులు తగ్గలేదు గానీ ఈ మతి తప్పడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గాయి, ఇంటికి కూడా ముందుగా వెళ్ళారు.

ఆరు గంటలా ఇరవై నాలుగు గంటలా అని వాళ్ళు అక్కడ కొలుచుకుంటున్నారు. బ్రిటన్ వాళ్ళ నియమం ఆసుపత్రిలో చేరిన రోజు, లేదా మర్నాడు. మనదగ్గర? పడిన రోజు బెణికిందని జండూబామ్. మర్నాడు కట్టు. మూడోరోజు ఎక్సరే. ఆ తర్వాత పంచాయతీ. డల్లాస్‌లో పెద్దకొడుకు, బెంగళూరులో చిన్నవాడు, హైదరాబాద్‌లో అల్లుడు, అందరూ వీడియో కాల్‌లోకి రావాలి. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. "సెకండ్ ఒపీనియన్ తీసుకుందాం డాడీ" అని ఒకడు. "సండే దాకా ఆగండి, నేనొస్తా" అని ఇంకొకడు. మా రోజుల్లో పెద్దవాళ్ళకి ఏదైనా అయితే నలుగురు తమ్ముళ్ళూ ఒకే వాకిట్లో ఉండేవాళ్ళు, నిమిషంలో తేల్చేవాళ్ళు. తేల్చింది తప్పయినా తేల్చేవాళ్ళు. ఇప్పుడు తేల్చడానికి సైన్సు చేతిలో ఉంది, మనుషులు చేతిలో లేరు.

బండి ఎక్కించే బాధ లేదు, నిజమే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలై, తర్వాత మా మారుమూలలకీ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దాని పేరు తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 తర్వాత మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. 2022లో మా జిల్లా పేరే మారింది, కృష్ణాని చీల్చి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో వేశారు. ఇన్ని పేర్లు మార్చిన ప్రభుత్వాలకి ఊరూరా ఒక కాగితం మీద "పెద్దవాళ్ళు పడి, కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగితే కట్టు కట్టించొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి" అని రాసి అంటించడం మాత్రం తోచలేదు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఇంకో తమాషా. ఆసుపత్రిలో పొట్ట దగ్గర రోజూ ఒక చిన్న ఇంజెక్షన్ ఇస్తారు, నెత్తురు గడ్డ కట్టకుండా. తుంటి మార్చినవాళ్ళకి ఆ గడ్డ భయం ఇంటికి రాగానే పోదు, నెల దాకా ఉంటుంది. అందుకే ఇంజెక్షనో మాత్రో ఏదో ఒకటి నాలుగైదు వారాలు వాడమంటారు. చీటీలో రాస్తారు కూడా. ఇంటికొచ్చాక "నొప్పి లేదుగా, ఇంకా మందులెందుకు, వేడి చేస్తుంది" అని మానిపించే పెద్దమనుషులు వీధికొకరుంటారు. పిక్క వాచి, నొక్కితే నొప్పి ఉంటే దిష్టి తీస్తారు. పిక్క వాపు, ఆయాసం, ఛాతీలో పోటు, ఈ మూడింట్లో ఏదొచ్చినా వెంటనే బండెక్కాలని మా వియ్యపురాలి చీటీలో చిట్టచివర, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. పైన ఆసుపత్రి పేరు మాత్రం అరంగుళం అక్షరాల్లో, రంగుల్లో.

ఎవరికి ముప్పు ఎక్కువో కూడా దాచాల్సిన సంగతి కాదు. ఎనభై దాటినవాళ్ళు, ఆడవాళ్ళకంటే మగవాళ్ళు, ఇదివరకు గుండెపోటు వచ్చినవాళ్ళు, లివరో కిడ్నీయో చెడినవాళ్ళు, షుగరు ముదిరి అవయవాల్ని పట్టినవాళ్ళు. కాస్త ఒళ్ళున్నవాళ్ళకి ముప్పు ఎక్కువనుకుంటాం గానీ, ఆ ఇంగ్లండు లెక్కలో కొద్దిగా బరువెక్కువున్నవాళ్ళే మామూలు వాళ్ళకంటే తక్కువగా పోయారు. ఎముకల గూడై, తిండి తగ్గినవాళ్ళ గురించే భయపడాలి. చుట్ట కాల్చేవాళ్ళకి నా మాట, ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే మానండి. మా తరంలో చుట్ట మానమంటే ప్రాణం పోతుందనేవాళ్ళు. అదే ప్రాణం తీస్తుందని ఎవడికి తెలుసు!

కుర్రాళ్ళనీ వదలను. మన దేశంలో తుంటి కంటే మోకాళ్ళే ఎక్కువగా మారుస్తారు. తుంటి మార్పించుకునేవాళ్ళలో నలభై దాటని మగవాళ్ళు బోలెడు. తాగుడు ఎక్కువై, లేదా స్టెరాయిడ్ల వల్ల, గుండుకి నెత్తురు అందక ఎముక చచ్చిపోతుంది. వీళ్ళు వయసులో ఉన్నారు గనక చావు భయం తక్కువ. కాకపోతే పెట్టిన గుండు జీవితాంతం రావాలి, ఆ మనిషి సాయంత్రం మళ్ళీ ఎక్కడికి పోతాడో నాకు తెలుసు.

ఇక నేల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా ఇళ్ళల్లో పేడతో అలికిన నేల, కాస్త కలిగినవాళ్ళకి నాపరాళ్ళు. తడిసినా కాలు పట్టేది. ఇప్పుడు బాత్రూమ్‌లో కూడా మొహం కనపడే టైల్స్. దాని మీద సబ్బు నీళ్ళు. గుమ్మానికీ లోపలికీ మధ్య చీకట్లో కనపడని రెండంగుళాల గడప. ముసలివాళ్ళని చంపాలని పథకం వేసి కట్టినా ఇంతకంటే బాగా కట్టలేరు. అప్పట్లో తోటకి నడిచేవాళ్ళం, ఎండలో ఉండేవాళ్ళం, జొన్నరొట్టె, సంగటి తినేవాళ్ళం, కింద కూర్చుని లేచేవాళ్ళం. ఇప్పుడు ఎండ తగలకుండా ఏసీ, డి విటమిన్ తక్కువని సాషేలు. ఆడవాళ్ళకైతే ముట్లు ఆగాక ఎముక పలచబడిపోతుంది. ఎంతమంది పరీక్ష చేయించుకుంటారు? బంగారం ఎంత ఉందో తూకం వేయించుకుంటారు గానీ ఎముక ఎంత ఉందో చూపించుకోరు.

మా మనవడు అడిగాడు, "తాతయ్యా, మీ రోజులే బాగుంటే మీ మేనత్త అరవైకే ఎందుకు పోయింది?" అని. వాడికి జవాబు చెప్పలేదు, పొమ్మన్నాను. మా రోజుల్లో ఎనభైకి జారిపడేవాళ్ళు తక్కువంటే, ఎనభై దాకా ఉండేవాళ్ళే తక్కువ. అప్పటి ఇంగ్లండు రాణిగారి తల్లికి 1995లో, తొంభై అయిదేళ్ళప్పుడు ఒక తుంటి మార్చారు. 1998 జనవరిలో పడి రెండోది విరిగితే అదీ మార్చారు, తొంభై ఏడేళ్ళకి. ఆవిడ నూట ఒకటి దాకా బతికి 2002లో పోయింది. రాజవైద్యం కదా అనొచ్చు. చేసింది మాత్రం నందిగామ కుర్రాడు ఎముకల కోర్సు చదివొచ్చి చేసే ఆపరేషనే.

మా పెద్దవాడికి కాగితం మీద రాసిచ్చాను. నేను పడితే ఆదివారం దాకా ఆగొద్దు, నీ విమానం కోసం అసలే ఆగొద్దు. అరిగిన తుంటి లెక్కా విరిగిన తుంటి లెక్కా కలిపి మీ అమ్మని భయపెట్టొద్దు. మత్తు ఎక్కడిస్తారు, మర్నాడు నిలబెడతారా, గడ్డ మందు ఎన్ని వారాలు, గుండె డాక్టరు చూశాడా, ఈ నాలుగూ అడిగి, నా వయసుకి నూటికి ఎంతమంది పోతారో తెలుగులో చెప్పమను. చెప్పాక సంతకం పెట్టు. కళ్ళద్దాలు, చెవి మిషను నా దిండు దగ్గరే ఉంచు, లేకపోతే నేను కూడా తప్పిపోయిన గేదె కోసం వెతుకుతాను. చదివి "ఎందుకు నాన్నా ఇలాంటి మాటలు" అన్నాడు ఫోన్లో. సరే, మాటలొద్దు, బాత్రూమ్‌లో గోడకి పట్టుకోవడానికి రెండు కమ్మీలు బిగించి, ఆ టైల్స్ పీకి గరుకువి వేయించమన్నాను. డబ్బు పంపాడు. మేస్త్రీ రేపొస్తానన్నాడు. ఉగాది నుంచీ అదే మాట.